అన్నం మానేసినోళ్ళ వార్డులో కరోనా

రిటైరై ఏడాదిన్నర దాటింది. ఇప్పటికీ పొద్దున ఎనిమిదయ్యేసరికి నాకు కాలు నిలవదు. వంటింట్లోకి, వాకిట్లోకి, మళ్ళీ వంటింట్లోకి. "కాలుగాలిన పిల్లిలాగా ఏంది ఆ తిరుగుడు, కూర్చో ఎస్తేరూ" అంటాడు మా ఆయన. ఎట్ట కూర్చునేది? ఎనిమిదింటికి మా వార్డులో టిఫిను టైము. పదకొండింటికి పాలు, ఒంటిగంటకి అన్నం, నాలుగింటికి ఏదో ఒకటి, రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ అన్నం. రోజుకి ఐదుసార్లు తినలేనోళ్ళ ఎదురుగా కూర్చుని తినడం నా ఉద్యోగం.

ఈ మధ్య ఒక పిల్ల ఫోన్ చేసింది. నర్సింగు అయిపోయిందంట, మా సెంటర్లోనే చేరబోతుందంట. "ఏం చదువుకుని రావాలి మేడమ్?" అని అడిగింది. చదివేదేముందే తల్లీ, అన్నీ మీ పుస్తకాల్లోనే ఉండాయి. పుస్తకాల్లో లేనిది రాద్దామని కూర్చున్నా. కూర్చుని రాయలేక లేచి మూడుసార్లు తిరిగొచ్చా, అది వేరే సంగతి.

కంచం తెచ్చుకో

మా సెంటరు నరసరావుపేటలో. ఎనిమిది మంచాలు, ఒక వంటిల్లు, వెనక వరండా. తిండి మానేసినోళ్ళు, తిన్నది కడుపులో ఉంచుకోలేనోళ్ళు, తిండి పేరెత్తితే వణికేవాళ్ళు వచ్చి నెలలు నెలలు ఉండే చోటు. ఊళ్ళో మమ్మల్ని చూసి నవ్వినోళ్ళే ఎక్కువ. "కరువులో తిండి దొరక్క మాడినోళ్ళని చూశాం గానీ, కంచంలో పెట్టింది తినలేక ఆసుపత్రిలో చేరినోళ్ళని చూళ్ళా" అని మా ఆడబిడ్డే అంది. దాన్నని ఏం లాభం? చేరిన కొత్తలో నేనూ అదే అనుకున్నా. తిన్నది అరక్క వచ్చే రోగం అనుకున్నా.

రెండోవారంలో ఒక పిల్ల ముద్ద పట్టుకుని అరగంట కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. "మింగవే! మా నాన్న రైల్వేలో గ్యాంగుమన్ను, నడికుడి క్వార్టర్సులో మేం ఐదుగురం ఒక గిన్నెలో తిన్నాం తెలుసా?" అని కేకలేశా. ఆ పిల్ల ముద్ద కింద పెట్టేసింది. మూడు రోజులు మళ్ళీ ముట్టుకోలా.

మా డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. ఆవిడ కేకలెయ్యదు, అదే భయం. "ఎస్తేరూ, కాలు విరిగినోణ్ణి నడవమని తిడతావా?" అంది. నేను తల దించుకున్నా. "రేపట్నుంచి నువ్వు కూడా కంచం తెచ్చుకో. వాళ్ళకి ఏం పెడితే అదే, ఎంత పెడితే అంతే. తిను అనొద్దు. నువ్వు తిను." అంతే ఆవిడ చెప్పిన పాఠం.

మర్నాటి నుంచి బంతిలో నేనూ కూర్చున్నా. పెళ్ళిలో కూర్చున్నట్టు వరసగా. సినిమాల గురించి, ఎండల గురించి, మాచర్ల బస్సులో సీట్ల కోసం కొట్లాట గురించి మాట్లాడేదాన్ని, తిండి గురించి తప్ప. వాళ్ళ కళ్ళన్నీ నా నోటి మీదే ఉండేయి. నేను నమిలితే వాళ్ళు నమిలేవాళ్ళు. నేను మింగితే ఒక్కోసారి వాళ్ళకీ దిగేది. రోజుకి ఐదుసార్లు తిని నేను ఒళ్ళు చేశాననుకో, మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

గేటు కాడ తుపాకి

తర్వాత కరోనా వచ్చింది. చానా చోట్ల ఇలాంటి వార్డులు మూసేసి ఫోన్లలో చూడటం మొదలుపెట్టారు. మా డాక్టరమ్మ ఒప్పుకోలా. "వీడియోలో మాట్లాడొచ్చు, వీడియోలో గుండె కొట్టుకోడం ఆగితే ఏం చేస్తాం?" అంది. ఇళ్ళకి పంపితే ఇద్దరు ముగ్గురు నెల కూడా దాటరని మాకు తెలుసు. తలుపులు తెరిచే ఉంచాలంటే రూల్సు కావాలి. ఆ రూల్సు సగం రాసింది నేనే. ఎవర్నో అనడానికి లేదు.

గేటు కాడ జ్వరం చూసే తుపాకి. అమ్మానాన్నలు లోపలికి రాకూడదు. బంతి బంద్, ఎవరి కంచం వాళ్ళ గదిలో. మేం గుమ్మం బయట నిలబడి చూడాలి. మాకు మాస్కు, దాని మీద ప్లాస్టిక్ డాలు, చేతికి గ్లౌజులు. అవసరమైతే తప్ప ముట్టుకోకూడదు. పేషెంట్లకీ మాస్కు, ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు దించుకోవాలి, మళ్ళీ ఎత్తుకోవాలి. ఆక్సిజన్ చూసే క్లిప్పు స్టూలు మీద పెట్టి మేం రెండడుగులు వెనక్కి జరగాలి, వాళ్ళే వేలికి తగిలించుకుని అంకె పైకి చదవాలి. ఆ స్టూలు ఆలోచన నాదే. డాక్టరమ్మ మెచ్చుకుంది కూడా.

తప్పంటారా? అనలేం. మా వాళ్ళ గుండెలు అరిగిపోయిన గుండెలు. ఆ రోగం ఒక్కళ్ళకొస్తే ముగ్గురు పోతారు. నెలల తరబడి మా గేటు లోపలికి కరోనా రాలా. నేను ఎంత విర్రవీగానో దేవుడికి తెలుసు.

కానీ ఒక్క సంగతి చెప్పాలి. తిండి లేక ఎండిన ఒంటికి జ్వరం రావడానికి కూడా ఓపిక ఉండదు. లోపల ఏం కాలుతున్నా ఆ తుపాకి 'మామూలే' అంటది. అది నాకు తెలుసు, తుపాకిని నేను నమ్మలా. నమ్మనిదాన్ని, క్లిప్పుని ఎట్ట నమ్మానో ఇప్పటికీ అర్థం కాదు.

మీ మొహం నేను చూళ్ళా

హేమ ఆ రోజుల్లోనే వచ్చింది. దుర్గి పిల్ల, ఇంటర్ చదివేది. కాలేజీ హాస్టలు మూసేస్తే ఇంటికొచ్చి, ఒక్కో పూట తగ్గించుకుంటా తగ్గించుకుంటా చివరికి మంచినీళ్ళకి దిగింది. వాళ్ళ నాన్న బ్రహ్మయ్య రాతి శిల్పి. గేటు బయట నిలబడి ఉన్నాడు, రాతి పొడికి కట్టుకునే తువ్వాలే మూతికి చుట్టుకుని.

"తిట్టాం సిస్టరమ్మా. కొట్టాం కూడా, దాచేదేముంది. వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకుంది. ఏదీ పనిచెయ్యలా. ఇంక మీ చేతుల్లో పెడుతున్నా" అన్నాడు.

డాక్టరమ్మ చూసి బయటికొచ్చి నాతో మెల్లగా అంది. "గుండె చానా నెమ్మదిగా కొట్టుకుంటంది. ఈ రెండు మూడు వారాల్లో కొద్ది కొద్దిగా లోపలికి పోకపోతే ఈ పిల్ల మనకి దక్కదు. తొందరపడి ఎక్కువ పెట్టినా దక్కదు." నెర్రెలిచ్చిన పొలానికి కాలవ మొత్తం ఒక్కసారి వదిలితే గట్లు తెగుతాయి. ఎండిన ఒళ్ళూ అంతే. చెంచాలతో లెక్క.

మొదటి వారం ఏమీ దిగలా. నేను గుమ్మం బయట డాలు కట్టుకుని నిలబడేదాన్ని. ఒకరోజు ఆ పిల్ల కంచం వంక చూస్తానే అడిగింది.

"సిస్టర్, మీరు తిన్నారా?"

"తిన్నానమ్మా."

"నేను చూళ్ళేదుగా. అసలు మీ మొహమే నేను చూళ్ళా. మొహం తెలియనోళ్ళు తినమంటే ఎట్ట తినేది?"

రూల్సు రాసుకున్న కాయితం గోడ మీదే ఉంది, నా సంతకంతో. "కరోనా తగ్గనీ, చూపిస్తా" అన్నా. సిగ్గులేని జవాబు. అయినా ఆ పిల్ల ఆ పూట రెండు చెంచాల జావ తాగింది. నా మీద జాలేసిందేమో.

ఆషాఢం

ఆషాఢం వచ్చింది. మా ఆయా నాగమ్మ ఇంటి నుంచి సంచెడు గోరింటాకు కోసుకొచ్చి, "ఆడపిల్లలు సిస్టరమ్మా, ఈ నెల్లో పెట్టుకోకుండా ఎట్ట?" అంది. ముందు కోప్పడ్డా. తర్వాత ఆకు కడిగించి, రోలు కూడా సబ్బుతో కడిగించి సరేనన్నా. ఎవరి గిన్నె వాళ్ళకి, ఎవరి వేళ్ళకి వాళ్ళే.

హేమ తనకి కూడా కావాలంది. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. పది వేళ్ళకీ టోపీలు పెట్టుకుంది. ముదురు ఆకు, బాగా పండింది. గోళ్ళు కనపడకుండా ఎర్రగా, నల్లగా. "చూడండి సిస్టర్" అని చేతులు చాపి చూపిస్తే నా కళ్ళు చెమర్చాయి. డాలు లోపల తుడుచుకోడానికి కూడా లేదు.

గోరింటాకు పెట్టుకున్న మూడో రోజు పొద్దున. ముసురు పట్టింది, చలిగాలి. హేమకి రాత్రి నుంచి కొద్దిగా దగ్గు. స్టూలు మీద క్లిప్పు పెట్టి రెండడుగులు వెనక్కి జరిగా. తగిలించుకుని చదివింది.

"ఎనభై ఆరు."

"ఇంకో వేలికి పెట్టు."

"ఎనభై నాలుగు."

తొంభై నాలుగు కిందికి దిగితే కొవిడ్ వార్డుకి పంపాలి, అది రూలు. గాలి ఆడకపోతే గోళ్ళు నీలంగా అవుతాయి, మాకు మొదట నేర్పేది అదే. గోళ్ళు చూద్దామంటే గోరింటాకు. పెదాలు చూద్దామంటే మాస్కు. చెయ్యి పట్టుకు చూద్దామంటే ముట్టుకోవద్దని గోడ మీద నా సంతకం. ఒక్క అడుగు ముందుకేసి ఆ వేళ్ళు పట్టుకుంటే చాలు. వెయ్యలా. పక్క గదుల్లో ఏడుగురు ఉన్నారు, వాళ్ళ కోసం వెయ్యలా అని నాకు నేను చెప్పుకుంటా. నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. మా ఆయనకి షుగరు.

డాక్టరమ్మ ఇంట్లో ఉంది, వాళ్ళింట్లో ఒకరికి జ్వరమని రాలేదు. ఫోన్ చేశా. "నువ్వు చూశావుగా?" అంది. "చూశానమ్మా" అన్నా. "అయితే పంపించు."

గుంటూరులో ఒక కొవిడ్ వార్డులో మంచం దొరికింది. అంబులెన్సు వచ్చింది. చీటీ మీద నేను రెండు లైన్లు రాశా, దగ్గు, ఆక్సిజన్ ఎనభై నాలుగు. అంబులెన్సు వాళ్ళు తొందర పెడుతున్నారు. ఇది తిండి మానేసిన పిల్ల, చక్కెర సెలైన్ ఎక్కించొద్దు అని రాయాలా? రాయలా. ముప్పై ఏళ్ళ పైన నర్సుగిరీ చేసిన మనిషిని, ఆ ముక్క మర్చిపోయా.

హేమ సంచి పట్టుకుని కిక్కురుమనకుండా ఎక్కింది. ఏడవలా. నేను ధైర్యమైన పిల్ల అనుకున్నా.

నా వేలు

మర్నాడు మధ్యాహ్నం నేను గ్లౌజులు తీసి టాంకు నీళ్ళతో చేతులు కడుక్కున్నా. ముసురుకి నీళ్ళు మంచులా ఉండాయి. క్లిప్పు తుడిచి, పనిచేస్తందో లేదో చూద్దామని నా వేలికే తగిలించా.

ఎనభై ఎనిమిది.

నాకేం రోగం లేదు, అప్పుడే రెండుసార్లు మెట్లు ఎక్కి దిగా. చేతులు గట్టిగా రుద్దుకుని మళ్ళీ పెట్టా. తొంభై ఎనిమిది. ఎండిపోయిన పిల్లల వేళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి, రక్తం అంత దూరం పోదు. అది నాకంటే ఎక్కువ తెలిసినోళ్ళు ఈ జిల్లాలో ఎవరున్నారు? ఎన్ని వేళ్ళు నా అరచేతుల్లో పెట్టుకుని వెచ్చబెట్టా! చల్లదనమో, పైన గోరింటాకు పనో, రెండూనో. జబ్బు లేని పిల్లని జబ్బుల మధ్యలోకి తోశా.

కొవిడ్ వార్డుకి ఫోన్ చేశా. ఎత్తలా. మళ్ళీ చేశా. ఎత్తలా. బ్రహ్మయ్యకి చేశా, ఆయన ఆ ఆసుపత్రి గేటు బయట చెట్టు కింద ఉన్నాడు.

"బాగానే ఉందంట సిస్టరమ్మా" అన్నాడు సంతోషంగా. "నీరసంగా ఉందని గ్లూకోజు ఎక్కిస్తున్నారంట. కళ వచ్చిద్దన్నారు."

"బ్రహ్మయ్యగారూ, పరిగెత్తండి! ఆ బాటిల్ ఆపమనండి. ఎవరో ఒకరికి ఈ ఫోన్ ఇయ్యండి. పరిగెత్తండయ్యా!"

ఆయన ఏందని అడగలా. ఫోన్లో అరుపులు వినపడుతున్నాయి. గార్డు పోనీడం లేదు, ఈయన కేకలు. "మా పిల్ల చచ్చిపోద్దిరా, తలుపు తియ్యండిరా!" ఎంతసేపో తెలియదు. నేను మా వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకి నడుస్తా యేసయ్యా, యేసయ్యా అంటున్నా. చివరికి ఒక చిన్న గొంతు వచ్చింది. అక్కడి డ్యూటీ నర్సు.

"డాక్టరు చెప్పకుండా నేనెట్ట ఆపుతా మేడమ్?"

"నువ్వు ఆపమ్మా. తిట్లు నేను తింటా. ఉద్యోగం పోతే నాది పోద్ది. ఆ పిల్ల వారాల తరబడి అన్నం తిన్లా. ఆ చక్కెర దాని గుండెని ఆపేసిద్ది. ముందు ఆపి తర్వాత నన్ను అడుగు."

ఆపింది. ఆ నర్సు పిల్ల పేరు కూడా నాకు తెలియదు. దేవుడు చల్లగా చూడాలి దాన్ని. ఈలోపు మా డాక్టరమ్మ అక్కడి డాక్టర్లతో మాట్లాడింది. బాటిల్ సగం పైన దిగిపోయింది అప్పటికే. హేమకి కాళ్ళు వాచాయి, గుండె తప్పి తప్పి కొట్టుకుంది, నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. కరోనా టెస్టు ఫలితం తర్వాత వచ్చింది. లేదు. అసలు లేదు.

అక్కడి వాళ్ళ తప్పు ఏమీ లేదు. నీరసంగా వచ్చిన పిల్లకి ఎవరైనా అదే ఎక్కిస్తారు. చెప్పాల్సింది చీటీ, చీటీ రాసింది నేను.

తీసుకున్న దండం

హేమని వెనక్కి తెచ్చిన రోజు బ్రహ్మయ్య గేటు కాడ నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. "మీరు ఫోన్ చెయ్యకపోతే మా పిల్ల లేదు సిస్టరమ్మా."

నేనేం అన్నా? నిజం చెప్పలా. తల ఊపా. ఆ దండం తీసుకున్నా. డాక్టరమ్మ కాడ ఏడిస్తే, "ఆ రోజుల్లో ఎవరైనా అదే చేసేవాళ్ళు, వదిలెయ్" అంది. ఆవిడ నాకు చెప్పిన మాటల్లో నేను వినని మాట అదొక్కటే.

ఆ సాయంత్రమే గోడ మీద కాయితం చించా. అంటే రూల్సు ఎత్తేశామని కాదు, మళ్ళీ రాశాం. భోజనాలు వెనక వరండాలోకి మార్చాం, నాలుగు వైపులా గాలి ఆడేట్టు, మనిషికీ మనిషికీ రెండు బారల దూరం. నర్సు ఆ కొసన కూర్చుని మాస్కు తీసి అదే కంచం తినాలి. క్లిప్పు పెట్టేముందు చేతులు కడుక్కుని పేషెంటు వేళ్ళు పట్టుకుని చూడాలి, చల్లగా ఉంటే వెచ్చబెట్టాలి. ఎక్కడికి పంపినా చీటీ మొదటి లైను తిండి సంగతే.

మొదటి పూట నేను మాస్కు తీస్తే హేమ చానాసేపు చూసింది. "మీకు పై పన్ను వంకరా?" అంది. అందరం నవ్వాం. నేను తిన్నా. అది ఇడ్లీ తుంచింది. కోలుకోడానికి దానికి ఐదు నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు వెనక్కి జారింది, చివరికి తన కాళ్ళ మీద గేటు దాటింది.

దుర్గి

రిటైరయ్యాక ఆ దండం నన్ను కూర్చోనియ్యలా. చర్చిలో మోకాళ్ళేస్తే అదే గుర్తొచ్చేది. పోయిన వేసవిలో దుర్గి బస్సెక్కా.

బ్రహ్మయ్య ఎవరో చెయ్యమన్న దేవుడి విగ్రహం చెక్కుతున్నాడు. నన్ను చూసి లేచి ఉలి పక్కన పెట్టాడు. "సిస్టరమ్మా! ఏమే హేమా, ఎవరొచ్చారో చూడు!" కుర్చీ తెప్పించాడు. హేమ డిగ్రీ చదువుతుందంట, చేతిలో గరిటెతో బయటికొచ్చింది. కండ పట్టింది.

నీళ్ళు కూడా తాగకుండా చెప్పేశా. లేకపోతే చెప్పలేను. "బ్రహ్మయ్యగారూ, ఆ రోజు మీ పిల్లకి ఏ రోగమూ లేదు. వేళ్ళు చల్లగా ఉండి యంత్రం తప్పు చూపించింది. నేను చెయ్యి పట్టుకు చూళ్ళా. చీటీలో రాయాల్సింది రాయలా. గుంటూరు పంపింది నేను. మీ పిల్ల ప్రాణం మీదకి తెచ్చింది నేను."

ఆయన మొహం మారిపోయింది. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి 'నువ్వు'లోకి దిగాడు. "చెయ్యి పట్టుకు చూళ్ళేదా? నీ చేతుల్లో పెడుతున్నానని చెప్పి పెట్టానే!"

"అన్నారు."

"ఇన్నేళ్ళూ నీ పేరు చెప్పి దండం పెట్టుకున్నాం ఇంట్లో."

అప్పుడు హేమ అంది, గుమ్మంలో నిలబడి. "నాన్నా, నాకు తెలుసు."

ఇద్దరం దాని వంక చూశాం.

"నా వేళ్ళు చల్లగా ఉంటే ఆ క్లిప్పు తప్పు చెప్పిద్దని నాకు ముందే తెలుసు. రుద్దుకుని పెడితే ఎక్కువ వచ్చేది, చానాసార్లు చూశా. ఆ రోజు కావాలనే రుద్దుకోలా. అక్కడికి పోతే ఎవరూ తినమనరని."

ధైర్యమైన పిల్ల అనుకున్నానే! ఆ రోజు అంబులెన్సు ఎక్కింది హేమ కాదు, దాని జబ్బు. అది మా రూల్సన్నీ మా కంటే బాగా చదువుకుని, మా చేతులతోనే ఆ పిల్లని తీసుకుపోయింది.

రాతి దుగ్గు పట్టిన తువ్వాలుతో మొహం తుడుచుకుని బ్రహ్మయ్య అన్నాడు. "దానికి జబ్బు. జబ్బు చేసినోళ్ళు అబద్ధమే చెప్తారు. నువ్వు నర్సువి."

"అవును."

"నాకు చెప్పి ఏం లాభం? నేను రాయి కొట్టుకునేవాణ్ణి. రేపు నీ కుర్చీలో కూర్చునే పిల్లలకి చెప్పు పో."

ఉలి తీసుకుని మళ్ళీ పనిలో కూర్చున్నాడు. హేమ నన్ను భోంచేసి పొమ్మంది. ఆయన తలెత్తలా. నేను తినకుండానే లేచా, నా జీవితంలో ఒకళ్ళు పెట్టిన కంచం వద్దని లేచింది అదే మొదలు. బస్సు దాకా హేమే వచ్చింది. ఆయన చెప్పమన్నది ఆ ఫోన్ చేసిన పిల్లకి ఇట్ట రాసి చెప్పేశా. మళ్ళీ రమ్మని మాత్రం ఆయన అన్లా, నేనూ అడగలా.